తప్పులు చెప్పుకునే సభ

మా అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తోందని చుట్టాలెవరైనా అడిగితే, "కంప్యూటర్లలోనండీ" అని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగేవాణ్ణి. అంతకుమించి నాకూ తెలియదు మరి. నాకు తెలిసిందల్లా ఒకటే. నెలలో ఒక వారం ఆ పిల్ల తలగడ పక్కన ఫోను పెట్టుకుని పడుకుంటుంది. ఏ అర్ధరాత్రో అది కుయ్యిమంటుంది. లేచి, దీపమైనా వేయకుండా, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని తెల్లవారేదాకా టకటకలాడిస్తుంది. "పురుళ్ళు పోసే డాక్టరమ్మకైనా ఇంత అవస్థ లేదు" అని మా ఆవిడ గొణుక్కుంటూ కాఫీ పెట్టి ఇస్తుంది.

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి అన్నది: "నాన్నా, రేపు మావాళ్ళ సభ ఉంది. నేను అయిదు నిమిషాలు మాట్లాడాలి. నువ్వూ రాకూడదూ?"

"దేన్ని గురించి మాట్లాడతావు?"

"నేను చేసిన తప్పును గురించి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. ఊళ్ళో సగం కంపెనీలవాళ్ళు వచ్చే సభలో తన తప్పు తానే చాటుకోవడమేమిటి? రేపు ఇంకో ఉద్యోగానికి వెళితే, ఇవాళ విన్నవాడే అక్కడ కుర్చీలో కూర్చుని ఉండడూ? ఆ మాటే అన్నాను. అమ్మాయి నవ్వి, "ముందు వచ్చి చూడు. తర్వాత కోప్పడుదువుగాని" అన్నది.

వెళ్ళాను. మా హైదరాబాదులోనే, ఒక కంపెనీవారు సెలవురోజున వాడుకోమని ఇచ్చిన హాలు. నూటికి కాస్త పైగా జనం. వేదికమీద సింహాసనాల్లాంటి కుర్చీలు లేవు, శాలువాలు లేవు, ముఖ్య అతిథి కోసం గంటసేపు ఎదురుచూడడం అంతకన్నా లేదు. ఉద్యోగాలు చేసుకునే ఏడెనిమిదిమంది కుర్రవాళ్ళు సాయంత్రాలు కూడబలుక్కుని ఏర్పాటు చేసుకున్న సభ అది. గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటున్న అబ్బాయే ఇడ్లీ పొట్లాలు లెక్కపెట్టాడు. మైకు మొరాయిస్తే వెళ్ళి సరిచేసినవాడూ అతడే.

వీళ్ళు చేసే పనేమిటో నాకు అక్కడే తెలిసింది. మనం ఫోనులో ఒక మీట నొక్కి పాలవాడికి డబ్బు పంపుతాం. రైలు టిక్కెట్టు కొంటాం. ఆ మీట వెనకాల ఎక్కడో గదుల నిండా యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతూ ఉంటాయి. వాటినే సర్వర్లంటారు. అవి ఆగకుండా చూసే కాపలాదార్లు వీళ్ళు. పని సవ్యంగా సాగినన్నాళ్ళూ వీళ్ళున్నారని ఎవరికీ తెలియదు. ఆగిపోయిన రోజున మాత్రం అందరికీ గుర్తొస్తారు. కుళాయిలో నీళ్ళొస్తున్నంతకాలం ఫిట్టరును తలుచుకునేదెవరు?

ఇటువంటి సభలు ఎలా పుట్టాయో అమ్మాయి టీ తాగుతూ చెప్పింది. కంప్యూటరు కంపెనీల్లో మొదటినుంచీ రెండు వర్గాలున్నాయట. ప్రోగ్రాములు రాసేవారు ఒకరు, వాటిని యంత్రాలమీద నడిపేవారు ఇంకొకరు. అత్తాకోడళ్ళ సామెతగా ఏది చెడినా వీళ్ళమీద వాళ్ళు, వాళ్ళమీద వీళ్ళు. 2008లో టొరంటోలో జరిగిన ఒక పెద్ద సభలో ఆండ్రూ షేఫర్ అనే ఆయన, ఈ నడిపే పని సంగతి మాట్లాడుకుందాం రండని ప్రకటించాడు. వచ్చినవాడు ఒక్కడే. బెల్జియం దేశస్థుడు పాట్రిక్ డెబ్వా. ఎవరూ రారనుకుని పిలిచినాయనే రాలేదు! డెబ్వా పట్టు వదలక వరండాల్లో వెతికి ఆయన్ను పట్టుకుని మాట్లాడాడు.

మరుసటి ఏడు, 2009 జూన్‌లో, అమెరికాలోని సాన్ హోసే నగరంలో జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ అనే ఇద్దరు ఒకే వేదిక ఎక్కారు. ఒకాయన నడిపే వర్గం, రెండో ఆయన రాసే వర్గం. తమ ఫ్లికర్ సంస్థలో రెండు వర్గాలూ కలిసి పనిచేస్తూ రోజుకు పదిసార్లకు పైగా కొత్త మార్పులు ఎక్కిస్తున్నామని చెప్పారు. డెబ్వా దాన్ని బెల్జియంనుంచి ఇంటర్నెట్టులో చూసి, వెళ్ళలేకపోయానే అని వాపోతే, "నువ్వే అక్కడొక సభ పెట్టరాదా?" అన్నారట తోటివారు. పెట్టాడు. ఆ అక్టోబరు 30, 31 తేదీల్లో గెంట్ పట్టణంలో. దాని పేరు డెవాప్స్ డేస్. రాసేవారి పేరులో సగం, నడిపేవారి పేరులో సగం కలిపిన మాట అది. అప్పటినుంచి మన బెంగుళూరుతో సహా ఎన్నో ఊళ్ళలో స్థానికులే పూనుకుని ఇలాంటి సభలు జరుపుకుంటున్నారు.

మా అమ్మాయి వంతు వచ్చింది. ఇరవై బొమ్మలు, బొమ్మకు పదిహేను క్షణాలు. మనం సిద్ధంగా ఉన్నా లేకపోయినా తెరమీద బొమ్మ తనంతట తానే మారిపోతుంది. నీళ్ళు నమలడానికి వ్యవధి లేదు. పిల్ల చేతులు వణుకుతున్నాయి. నేను కుర్చీ అంచుమీద కూర్చున్నాను.

రాత్రి రెండు గంటలవేళ దాని ముందు రెండు నల్లని కిటికీలు తెరిచి ఉన్నాయట. ఒకటి పరీక్షలకు వాడే యంత్రానిది, రెండోది నిజంగా వ్యాపారం నడుస్తున్న యంత్రానిది. చూపుకు రెండూ ఒకటే. మొదటిదాంట్లో చెరిపివేయవలసింది రెండోదాంట్లో చెరిపేసింది. కంపెనీ అమ్మకాలు నలభై నిమిషాలు ఆగిపోయాయి. "నేనే చేశాను" అని ఆ రాత్రే పైవాళ్ళకు ఫోను చేసిందట. ఆ మాట నాకూ కొత్తే. ఇంట్లో చెప్పలేదు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. చివరి బొమ్మల్లో, ఆ తర్వాత చేసిన మార్పులు చూపింది. ఇప్పుడు అసలు యంత్రం కిటికీ ఎర్రగా ఉంటుంది. చెరిపేముందు ఆ యంత్రం పేరు పూర్తిగా రాయమంటుంది. దాచిన నకళ్ళు పనికొస్తాయో లేదో నెలకోసారి బయటికి తీసి చూస్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న కుర్రవాడు, "మాకూ అచ్చం ఇలాగే అయిందండీ" అని గొణిగాడు.

తర్వాత మాట్లాడినాయన గిట్‌ల్యాబ్ అనే కంపెనీ కథ చెప్పాడు. ప్రోగ్రాములు రాసేవారు తమ రాతలు దాచుకునే చోటు అది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు ఇలాగే ఒక యంత్రం బదులు ఇంకో యంత్రంలో చెరిపారు. క్షణాల్లో గ్రహించి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. నకళ్ళు తీసే పద్ధతులు అయిదున్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు! అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిపెట్టుకున్న ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. అయితే ఆ కంపెనీ దాచుకోలేదు. మరమ్మతు సాగుతున్నంతసేపూ లోకమంతా చూసేటట్టు ఇంటర్నెట్టులో ప్రసారం చేసింది. ఆ ఇంజనీరును బలిపశువును చేయలేదు.

ఫ్లికర్ ఆల్‌స్పా తర్వాత ఎట్సీ అనే కంపెనీకి వెళ్ళాడు. తప్పు చేసినవాణ్ణి శిక్షిస్తే రెండోవాడు దాస్తాడు, దాస్తే ఆ గొయ్యి అక్కడే ఉంటుందని 2012లో వివరంగా రాశాడు. ఆ కంపెనీలో ఏడాదికొకసారి, ఎవరూ ఊహించని తప్పు చేసినవారికి మూడు చేతుల స్వెట్టరు బహుమతిగా ఇచ్చేవారట!

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో తమాషా. కార్యక్రమమే లేదు. ఎవరికి తోచిన విషయం వారు చీటీ రాసి గోడకు అంటించడం, ఇష్టమైనవారు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చోవడం. రుచించకపోతే లేచి ఇంకో గుంపులోకి వెళ్ళిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ 1985లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఏడాదిపాటు చెమటోడ్చి ఒక సభ జరిపితే, అందరూ కాఫీ విరామమే బాగుందన్నారట!

నేనూ ఒక గుంపులో కూర్చున్నాను. ఏమైందో ఏమో, నలభై ఏళ్ళుగా పెదవి దాటనిది చెప్పేశాను. 1984లో నేనొక కచేరీలో గుమాస్తాను. రిజిస్టరులో అంకెలు నేను చదివేవాణ్ణి, నా కింది ఆయన లెడ్జరులోకి ఎక్కించేవారు. ఒక సాయంత్రం నేను ఒక గడి బదులు పక్క గడి చదివాను. నెల తిరిగాక తేడా బయటపడింది. రాసింది ఆయన గనుక మెమో ఆయనకిచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. ఆయనకు అప్పటికి ఇద్దరు పిల్లలు. నాకు తెలుసు. నోరు మెదపలేదు.

నన్నెవరూ ఛీ అనలేదు, పాపం అనీ అనలేదు. గోదావరి జిల్లా కుర్రాడొకడు అడిగాడు: "ఆ రెండు గళ్ళూ ఒకేలా ఎందుకున్నాయి బాబాయిగారూ?"

ఆలోచించాను. గళ్ళ పేర్లు మొదటి పేజీమీద మాత్రమే ఉండేవి. తర్వాత రెండు వందల పేజీల్లో ఏది ఏ గడో అలవాటుమీద పోల్చుకోవలసిందే. ఆ ప్రశ్న ఆనాడు మా కచేరీలో ఒక్కరు అడగలేదు. నేను నోరు విప్పి ఉంటే అడిగేవారేమో. మూడేళ్ళ తర్వాత ఇంకొకాయన అదే పొరపాటు చేసి, అలాంటి మెమోయే పుచ్చుకున్నాడు.

మర్నాడు పాత స్నేహితులను అడిగి ఆయన నెంబరు సంపాదించి ఫోను చేశాను. సంగతంతా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"నేనే తప్పు విన్నాననుకున్నానండీ, ఇన్నాళ్ళూ" అన్నారాయన.

క్షమించమని అడగడానికి నాకు మాట పెగల్లేదు. "ఒకసారి ఇంటికి రండి, మాట్లాడుకుందాం" అని ఆయనే అన్నారు. వచ్చే ఆదివారం వెళుతున్నాను. అమ్మాయీ వస్తానంది.