చాకును మొండి చేసేది తాళ్లలోని ఇసుకే

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చేపలు పట్టేవారికి వల, తెప్ప ఎంత ముఖ్యమో జేబులో చాకూ అంతే ముఖ్యం. 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయంలోనైనా, కడెం జలాశయంలోనైనా వల తాళ్లు నీట మునిగిన మొద్దులకు చుట్టుకోవడం మామూలే. అదే తాడు కాలికో చేతికో మెలిపడితే క్షణాల్లో తెగాలి. అప్పుడు మొండి చాకు ప్రాణాల మీదికి తెస్తుంది.

నైలాన్ ఉక్కు కంటే మెత్తన. అయినా నాలుగు తాళ్లు కోయగానే పదును తగ్గుతుంది. ఎందుకంటే నీటి అడుగున ఈడ్చిన తాడు పేటల మధ్య ఇసుక ఇరుక్కుంటుంది. గట్టితనాన్ని చెప్పే మోస్ కొలమానంలో ఇసుకలోని క్వార్ట్జ్ 7, మామూలు చాకు ఉక్కు 5.5 నుంచి 6.5. కోసిన ప్రతిసారీ ఇసుక రేణువులు చాకు అంచును గీరేస్తాయి.

అందుకే ఒడ్డున తాళ్లు కోసేటప్పుడు ముందుగా కడిగి, బాగా దులపాలి. బండ మీద కాక చెక్క మీద పెట్టి, అదమకుండా పొడవుగా లాగుతూ కోయాలి. సాన మరీ నున్నగా పట్టనక్కరలేదు. కాస్త గరుకుగా ఉన్న అంచే పేటలను పట్టి తెంపుతుంది.

కొసలు విడిపోకుండా చాకును నిప్పులో ఎర్రగా కాల్చి కోసేవారూ ఉంటారు. అలా కాలిస్తే ఉక్కుకున్న గట్టితనం పోతుంది. ఆపై ఎంత సాన పట్టినా పదును నిలవదు. మామూలుగానే కోసి, కొసలను దీపం మంటకు కొద్దిగా కరిగిస్తే చాలు. నీళ్లలోకి తీసుకెళ్లే చాకును వేరే పనులకు వాడకుండా ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు.