సైలెన్సర్ లీకైన లారీ: అతుకు వేయించాలా, భాగం మార్చాలా?

రాయచూరు తాలూకాలోని చంద్రబండ హోబళి తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉంది. ఈ ప్రాంతపు రోడ్ల మీద వడ్లు, బియ్యం, ప్రత్తి, శక్తినగర్ థర్మల్ కేంద్రపు బూడిద, ఇసుక, కంకర నిత్యం కదులుతూనే ఉంటాయి. ఆ సరకును మోసే లారీలలో అనేకం ఒక్కొక్క కుటుంబానికి ఏకైక ఆస్తి. తెలుగునాట నుండి వచ్చి రాయచూరులో స్థిరపడిన ఎందరో యజమానులు తామే డ్రైవర్లు కూడా. అటువంటి ఇంటికి పొగగొట్టం పగిలిందన్న మాట చిన్నదిగా తోచదు. ఒకరోజు బండి నిలిస్తే ఒకరోజు కిరాయి పోతుంది. నిలపకుండా నడిపితే పోయేది అంతకన్న పెద్దది కావచ్చు.

లీకును కనిపెట్టడం కష్టమైన పని కాదు. ఉదయం చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు టిక్ టిక్‌మని శబ్దం వచ్చి, వేడెక్కిన కొద్దీ అది తగ్గుతూ ఉంటే మేనిఫోల్డు గాస్కెట్‌ను అనుమానించాలి. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకొంటుంది గనుక శబ్దం తగ్గుతుంది. లోపం మాత్రం అక్కడే ఉంటుంది. జాయింటు దగ్గర విసనకర్రలా పరచుకొన్న నల్లని మసి మరొక గుర్తు. వెనుక గొట్టాన్ని మందపాటి గుడ్డతో క్షణకాలం మూసినప్పుడు బుస్సుమనే చోటు తెలిసిపోతుంది. ఈ పరీక్ష ఇంజను చల్లగా ఉన్నప్పుడే, ఆరుబయటనే చేయాలి.

కారణమేదైనా, పొగ క్యాబిన్‌లోకి వస్తున్నదంటే మరమ్మతు వాయిదా వేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. రాత్రివేళ ఇంజను నడుస్తుండగా అద్దాలు మూసి క్యాబిన్‌లో నిద్రించే డ్రైవరుకు, క్లీనరుకు అది ప్రాణాంతకం. తలనొప్పి, వికారం, మగత కలిగితే వెంటనే దిగి ఆరుబయటికి రావాలి. ఇక మసి విషయానికొస్తే, డీజిల్ పొగ మానవులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో నిర్ధారించింది. రోజుకు పది పన్నెండు గంటలు ఆ పొగ మధ్యనే కూర్చొనేవారికి ఇది దూరపు వార్త కాదు.

అతుకా, కొత్తదా అన్న ప్రశ్నకు సమాధానం లీకు ఏ భాగంలో ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. టర్బోకు ముందున్న లీకు అన్నిటికన్న ఖరీదైనది. టర్బోను తిప్పవలసిన పొగ సందులోంచి పోతే ఇంజనుకు గాలి చాలదు. లాగుడు తగ్గుతుంది, నల్లపొగ పెరుగుతుంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది. మైలేజీ పడిపోయిందని ఇంజెక్టర్లను విప్పించే ముందు మేనిఫోల్డు చుట్టూ మసి ఉన్నదేమో చూడటం మంచిది.

మేనిఫోల్డు సాధారణంగా పోత ఇనుముతో చేసినది. మామూలు రాడ్‌తో వేసిన వెల్డింగు దానిపై నిలవదు. చల్లారేటప్పుడు అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. ముందుగా సమంగా కాచి, నికెల్ రాడ్‌తో అతికి, నెమ్మదిగా చల్లార్చగల పనివాడు దొరికితే చిన్న పగులుకు ప్రయత్నించవచ్చు. రెండు మూడు పగుళ్లుంటే కొత్తది వేయించడమే మేలు. పగులు లేక, కేవలం ముఖం వంగి గాస్కెట్ కాలిపోతుంటే మాత్రం మార్చనక్కరలేదు. లేత్ షాపులో ముఖాన్ని సమతలం చేయించి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుండి చివరలకు క్రమంగా, కంపెనీ చెప్పిన బిగువుకు బిగిస్తే సరిపోతుంది. పాత గాస్కెట్‌ను తిరిగి వాడటం, దానిమీద పేస్టు పూయడం పొదుపు కాదు. అదే పనికి మరల విప్పవలసి వస్తుంది.

సైలెన్సర్ కథ వేరు. అది లోపలి నుండి తుప్పు పడుతుంది. పొగలోని నీటి ఆవిరి తక్కువ దూరపు ప్రయాణాలలో పూర్తిగా ఎండక లోపలే నిలుస్తుంది. పైన కనిపించే రంధ్రం చిన్నదైనా, చుట్టూ సుత్తితో మెల్లగా తట్టినప్పుడు రేకు లోపలికి నొక్కుకుపోతే అతుకు పట్టుకొనే లోహం అక్కడ లేదన్నమాట. లోపల పలకలు ఊడి గలగలమంటే కూడా మార్చవలసిందే. గట్టి లోహంపై రాయి తగిలి పడిన రంధ్రం, విరిగిన కొక్కెం, సడలిన క్లాంపు – వీటికి మరమ్మతు చాలును. ముడతల ఫ్లెక్సిబుల్ గొట్టానికి మాత్రం అతుకు వేయరాదు. అది ఇంజను కదలికను ఓర్చుకోవడానికి ఉన్నది. వెల్డింగుతో బిర్రబిగిస్తే ఆ ఒత్తిడి మేనిఫోల్డుపై పడి అది పగులుతుంది. అది మరీ తరచుగా తెగుతుంటే ఇంజను మౌంటింగులను చూపించాలి.

2020 ఏప్రిల్ 1 తరువాత అమ్ముడైన బీఎస్‌–6 లారీలలో మసి ఫిల్టరు, యూరియా ద్రవంతో పొగను శుద్ధిచేసే భాగం, వాటి సెన్సార్లు ఉంటాయి. అక్కడి లీకు సెన్సార్లను తప్పుదారి పట్టించి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది, ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. ఆ భాగాలను తీసివేసి ఖాళీ గొట్టం పెడతామనేవారి మాట వినరాదు. కంపెనీ నిర్మాణాన్ని అలా మార్చడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించడం, ఎర్తు క్లాంపును అతుకు దగ్గరే పెట్టించడం మరువరాదు. ప్రత్తి లోడుతో ఉన్న బండికి వెల్డింగు అసలే వద్దు.

పొగ పరీక్షలో బీఎస్‌–4కు పూర్వపు డీజిల్ బండ్లకు 65, బీఎస్‌–4 వాటికి 50 హార్ట్రిడ్జ్ యూనిట్లు గరిష్ఠ పరిమితి. లీకు ఉన్న గొట్టంలో బయటి గాలి కలిసి కొలత తక్కువగా రావచ్చు గనుక దానిని నమ్ముకోరాదు. ధ్రువపత్రం బీఎస్‌–4, ఆపై వాహనాలకు ఏడాది, పాతవాటికి ఆరు నెలలు చెల్లుతుంది. ఉల్లంఘనకు చట్టం మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునంటున్నది. మూడు నెలలు డ్రైవింగు లైసెన్సు అనర్హత కూడా ఉన్నది.

ధరలు అడిగేటప్పుడు అతుకు కూలి ఒక్కటే లెక్కించరాదు. మూడు నెలలకొకసారి ఊడే అతుకు ఏడాదికి నాలుగు కూలీలు, నాలుగు రోజుల కిరాయి తీసుకుంటుంది. ఈ మొత్తాన్ని కొత్త భాగం ధరతో పోల్చి చూడాలి. ఆరు నెలలలో అమ్మదలచిన బండికి లెక్క వేరుగా రావచ్చు, క్యాబిన్‌లోకి పొగ రాకపోతేనే. పని ఏదైనా, భాగం నంబరుతో బిల్లు తీసుకొని, రెండు మూడు ట్రిప్పుల తరువాత ఇంజను చల్లారాక బోల్టుల బిగువును మరొకసారి చూపించాలి.