కయోటీల వేటకు ఖజానా డబ్బు - కావలివాడికి అరకొర కూలి

అమెరికాలో కయోటీ అనే జంతువుంది. మన గుంటనక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. ఒకప్పుడు ఎక్కువగా పడమటి మైదానాల్లో తిరిగేది. ఈనాడు హవాయి తప్ప అక్కడి రాష్ట్రాలన్నింటా ఉంది. చికాగో, లాస్ ఏంజెల్స్ వీధుల్లో కూడా రాత్రిపూట కనబడుతుంది. దీన్ని చంపడానికి అక్కడి సర్కారు వందేళ్లుగా చేయని ప్రయత్నం లేదు. మరి తగ్గకపోగా ఎందుకు పెరిగింది?

ముందు తోడేళ్ల సంగతి చెప్పుకోవాలి. మందల ఆసాముల కోరికపై 20వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వమే వేటగాళ్లకు జీతాలిచ్చి తోడేళ్లను దాదాపు నిర్మూలించింది. కయోటీని అదుపులో ఉంచింది ఆ తోడేలే. అది పోయాక కయోటీకి ఎదురు లేకపోయింది. తుపాకీ దానిమీదికి తిరిగింది. 1931లో ఇందుకు చట్టమే చేశారు. ఉచ్చులు, విషపు ఎరలు, హెలికాప్టర్ల నుంచి కాల్పులు - అన్నీ అయ్యాయి. ఇటీవలి సంవత్సరాల్లోనూ ఒక్క ఫెడరల్ శాఖే ఏటా 50 వేలకు పైగా కయోటీలను చంపుతోంది.

అయినా తగ్గవు. కారణముంది. మామూలుగా గుంపులో ఒక్క జంటే పిల్లల్ని పెడుతుంది. ఆ జంటను చంపితే గుంపు చెదిరి, మిగిలిన ఆడవీ పిల్లల్ని పెడతాయి. తినే నోళ్లు తగ్గాయి గనక పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ఖాళీ అయిన చోటికి పక్క గుంపులవి వచ్చి చేరతాయి. ఏటా నూటికి 75 చొప్పున చంపుతూ పోయినా తుడిచిపెట్టడానికి 50 ఏళ్లకు పైనే పడుతుందని 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

విషానికి మనిషనీ మృగమనీ తేడా తెలీదు. 2017లో ఐడహో రాష్ట్రంలో కయోటీల కోసం పాతిన సైనైడ్ గొట్టం పేలి 14 ఏళ్ల బాలుడు గాయపడ్డాడు. వెంట ఉన్న కుక్క చచ్చిపోయింది. ఆ గొట్టం పాతింది ప్రభుత్వ శాఖే!

గొర్రె పోతే నష్టం కాదా? నష్టమే. అందులోనూ చిన్న రైతుకు కోలుకోలేని దెబ్బ. అందుకే కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ 2000 ప్రాంతంలో ఫెడరల్ వేటగాళ్లను వద్దని, ఆ డబ్బును కంచెలకూ కావలి కుక్కలకూ మళ్లించింది. నగరాల్లోనూ అనుభవం నేర్పింది ఇదే: తిండి పెట్టొద్దు, చెత్తకు మూత పెట్టండి, ఎదురైతే కేకలేసి, డబ్బాలు మోగించి తరమండి. మనిషంటే దానికి భయం పోకూడదు.

మందను కాపాడేది చివరికి కావలే. అమెరికాలో ఆ కావలి కాసేదెవరు? చాలామంది పెరూ దేశం నుంచి వీసాలపై వచ్చిన పేద కాపరులు. కొండల్లో రాత్రింబవళ్లు మందతోనే బతుకు. 2015 దాకా చాలా రాష్ట్రాల్లో వారికి కట్టిన జీతం నెలకు 750 డాలర్లు. దేశమంతటికీ ఉన్న కనీస వేతన చట్టం వారికి వర్తించదు. హెలికాప్టర్లకు డబ్బుంటుంది గాని కాపరి కూలికి ఉండదన్నమాట!

ఈ కథ మనకెందుకంటారా? మన పల్లెల్లోనూ అడవిపందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగలు కడుతున్నారు. రాత్రి నీళ్లు పెట్టబోయిన రైతులూ, కూలికెళ్లినవాళ్లూ ఆ తీగలు తగిలి చనిపోతున్నారు. తీగ కావలి కాదు. పంటకు కావలి కావాలి. కావలివాడికి గిట్టుబాటు కూలి కావాలి. నష్టపోయిన రైతుకు సర్కారు పరిహారమివ్వాలి. అడగాల్సింది ఇది.