సమతుల్యత లోపం గల చిన్నారులకు వర్చువల్ రియాలిటీ చికిత్స

బిడ్డ నడుస్తూ తరచూ పడిపోతుంటే “పెద్దయితే సర్దుకుంటుంది” అని సరిపెట్టుకోవడం అనేక కుటుంబాలలో కనిపించే విషయమే. అయితే ఆ తూలుడుకు లోపలి చెవిలోనో, మెదడులోనో కారణం ఉండవచ్చు. అటువంటి చిన్నారుల కోసం ఫిజియోథెరపీకి అనుబంధంగా వర్చువల్ రియాలిటీ చికిత్స అందుబాటులోకి వచ్చింది. ఆట రూపంలో సాగే ఈ చికిత్స వలన కలిగే ప్రయోజనాన్ని, దాని పరిమితులను తల్లిదండ్రులు తెలుసుకోవలసిన అవసరం ఉంది.

సమతుల్యతకు మూడు ఆధారాలు

మనిషి పడిపోకుండా నిలబడడానికి మూడు మార్గాల ద్వారా మెదడుకు సమాచారం అందుతుంది. కళ్లు పరిసరాలను చూపుతాయి. పాదాలు, కీళ్లు, కండరాలు శరీర భంగిమను తెలియజేస్తాయి. లోపలి చెవిలోని మూడు అర్ధవర్తుల కుల్యలు తల తిరిగే కదలికలను, వాటి చెంతనే ఉన్న పేటిక గురుత్వాకర్షణను గ్రహిస్తాయి. అనుమస్తిష్కంతో పాటు మెదడులోని పలు భాగాలు ఈ సమాచారాన్ని క్రోడీకరించి కండరాలను నడిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా నడక తడబడుతుంది.

సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో ఈ ఇబ్బంది అధికం. వినికిడికి, సమతుల్యతకు తోడ్పడే భాగాలు లోపలి చెవిలో పక్కపక్కనే ఉన్నందున, పుట్టుకతో తీవ్రమైన చెవుడు గల పిల్లలలో అనేకమందికి సమతుల్యత లోపం కూడా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం కింద ఎందరో చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సలు జరిగాయి. ఇటువంటి పిల్లల విషయంలో మాట వచ్చిందా లేదా అన్నదానిపైనే కుటుంబం దృష్టి నిలుస్తుంది. నడక మరుగున పడుతుంది.

ఈ నిర్లక్ష్యం ప్రమాదకరం. లోపలి చెవి ఆధారం లేని బిడ్డ పగటి వేళ కంటి చూపుతో నెట్టుకురాగలుగుతుంది. చీకటిలో ఆ ఆసరా తొలగిపోతుంది. నీట మునిగినప్పుడు పైకి ఏదో, కిందికి ఏదో తెలియని పరిస్థితి ఏర్పడవచ్చు. చెరువులు, కాలువలు ఉన్న గ్రామాలలో ఇటువంటి పిల్లలను ఒంటరిగా నీటిలోకి దిగనీయరాదు.

చికిత్స జరిగే విధానం

ఒత్తిడిని గుర్తించే పలకపై బిడ్డ నిలబడుతుంది. ఎదుట తెరపై ఒక బంతి కనిపిస్తుంది. బిడ్డ శరీర భారాన్ని ఏ కాలిపైకి మారిస్తే బంతి ఆ వైపు దొర్లుతుంది. దానిని గమ్యానికి చేర్చాలన్న ఉత్సాహంలో అదే కదలికను అనేక పర్యాయాలు చేస్తుంది. మెదడు కొత్త నైపుణ్యాన్ని అలవరచుకునేది ఇటువంటి పునరావృతం ద్వారానే. ప్రతి ప్రయత్నానికి ఫలితం వెంటనే కనిపించడం, బిడ్డ శక్తిని బట్టి స్థాయిని పెంచే వీలుండడం ఇందులోని విశేషాలు. తలకు ధరించే పరికరాల ద్వారా పరిసరాలు కదులుతున్నట్లు చూపి, కళ్లపైనే ఆధారపడకుండా తక్కిన ఆధారాలను వినియోగించుకునేలా శిక్షణ ఇవ్వవచ్చు.

ఆటల కోసం 2007లో వచ్చిన వీ బ్యాలెన్స్ బోర్డు, శరీర కదలికలను గుర్తించే 2010 నాటి కినెక్ట్ కెమెరా ఈ రంగంలో విస్తృతంగా వినియోగించబడ్డాయి. వాటి ఉత్పత్తి నిలిచిపోయినా, అదే సూత్రంపై పనిచేసే పరికరాలు నేడు లభిస్తున్నాయి.

పరిమితులు, జాగ్రత్తలు

సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలపై జరిగిన పరిశోధనలలో, సాధారణ ఫిజియోథెరపీకి దీనిని జోడించినప్పుడు సమతుల్యత మెరుగుపడినట్లు వెల్లడైంది. అయితే వాటిలో అనేకం కొద్దిమందిపై జరిగినవే. ఇది దెబ్బతిన్న లోపలి చెవిని తిరిగి బాగుచేయదు. ఫిజియోథెరపిస్టుకు ప్రత్యామ్నాయం కూడా కాదు. కొందరు పిల్లలకు కళ్లు తిరగడం, వికారం కలుగుతాయి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి వైద్యుని అనుమతి తప్పనిసరి. తలకు ధరించే పరికరాలకు తయారీదారులు విధించిన వయోపరిమితిని పాటించాలి. శిక్షణ సమయంలో బిడ్డ పడిపోకుండా పక్కన ఒకరు ఉండాలి.

పరికరాలు లేనిచోట శిక్షణ ఆగిపోనవసరం లేదు. ఫిజియోథెరపిస్టు సూచనల మేరకు మెత్తని దిండుపై నిలబడడం, గీతపై నడవడం, తొక్కుడుబిళ్ల ఆడడం వంటివి ఇంటి వద్దనే చేయించవచ్చు.

తల్లిదండ్రులు చేయవలసినది

18 నెలలు నిండినా బిడ్డ స్వయంగా నడవకపోయినా, నడక వచ్చిన తరువాత కూడా తరచూ పడిపోతున్నా, చీకటిలో అడుగు వేయలేకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. వినికిడి లోపం గల పిల్లలకు సమతుల్యత పరీక్ష కూడా చేయించడం మంచిది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ కేంద్రాలలో, ప్రభుత్వ పాఠశాలలలో 18 సంవత్సరాల లోపు పిల్లలకు పరీక్షలు నిర్వహించి, అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉంది. పరికరం ఏదైనా, లోపాన్ని ఎంత త్వరగా గుర్తిస్తే బిడ్డకు అంత మేలు జరుగుతుంది.