గేజీ పుల్ల చూడని బండికి బోరు ఖర్చు
కోనసీమ కార్లకు ఉప్పునీరు, బురద, ఎలుకల బెడద

అమలాపురం: కొబ్బరి చెట్టుకు ఏటా ఎరువు వేయడం మరిచిపోని కోనసీమ రైతు, వాకిట్లో నిలిపిన కారుకు ఆయిలు మార్చడం మాత్రం మరిచిపోతున్నాడు. బండి కదులుతున్నంత కాలం బాగానే ఉందనుకోవడం, ఆగిపోయాక షెడ్డుకు ఈడ్చుకెళ్లడం చాలామందికి అలవాటైంది. ఫైనాన్సులో కొన్న టాక్సీతో బతికే కుటుంబానికి ఇంజను పట్టేసిందంటే రెండు దెబ్బలు. బోరు విప్పించే ఖర్చు ఒకటి, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి లేకుండా వాయిదా కట్టాల్సి రావడం మరొకటి. అర్ధరాత్రి రోగిని కాకినాడకో, రాజమహేంద్రవరానికో తీసుకెళ్తుండగా బండి ఆగితే అది డబ్బుతో పోయే నష్టం కాదు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో కిరాయి కారంటే అంబాసిడరే. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చే వరకు ఆ దారిన కాకినాడ వెళ్లే కార్లు పంటు ఎక్కి గౌతమి దాటేవి. తెల్లవారగానే బానెట్టు ఎత్తి ఆయిలు, నీళ్లు చూడనిదే ఆనాటి డ్రైవరు తాళం తిప్పేవాడు కాదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త కార్లు వచ్చాయి, వాటితోపాటు బానెట్టు ఎత్తే అలవాటూ పోయింది.

ఐదు నిమిషాల పని

వారానికి ఒకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా ఆయిలు చూసుకోవాలి. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి కొద్ది నిమిషాలు ఆగాలి. గేజీ పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీసి చూడాలి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగితే పోయాలి. మంచిదే కదా అని పై గీత దాటించి పోయడమూ తప్పే. డీజిలు బండిలో ఆయిలు త్వరగా నల్లబడటం మామూలే. పాలు కలిపిన టీ రంగులోకి మారితే మాత్రం అందులో నీళ్లు కలిశాయేమోనని అనుమానించి, బండి కదపకుండా మెకానిక్కుకు చూపించాలి.

నేటి కార్లలో చాలావాటికి పదివేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు, ఆయిలూ ఆయిలు ఫిల్టరూ మార్చాలని కంపెనీలు చెబుతున్నాయి. "బండి తిరగలేదు కదా" అని రెండేళ్లు వదిలేయడం సరికాదు. నిలవున్నా ఆయిలు పాడవుతుంది.

ఉప్పునీటితో చేటు

సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి తీర మండలాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. ఆ నీటినే రేడియేటరులో పోస్తే లోపల తుప్పు పడుతుంది, పెచ్చులు కట్టి సన్నని గొట్టాలు పూడిపోతాయి. నీరు తిరగక ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. కంపెనీ చెప్పిన కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయడమే మేలు. ఇంజను వేడి మీద ఉండగా రేడియేటరు మూత తీయరాదు. మరిగే నీరు ఎగజిమ్మి ముఖం కాలుతుంది. దారిలో వేడి ముల్లు పైకెక్కినా, ఎర్రని ఆయిలు దీపం వెలిగినా ఇంకో మైలు పోదామనుకోకుండా అక్కడే ఇంజను ఆపేయాలి.

ఉప్పుగాలికి బ్యాటరీ కొనల వద్ద తెల్లగానో, పచ్చగానో పొడి పడుతుంది. ముందు నలుపు రంగు తీగ విప్పి, వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టి, బిగించాక వాజలీను రాస్తే సరిపోతుంది.

కొబ్బరి తోటల్లో నిలిపిన బండ్లకు ఎలుకల బెడద ఎక్కువ. బానెట్టు కింద పీచు చేర్చి గూడు పెడతాయి, తీగలు కొరుకుతాయి. నాలుగు రోజులు కదపని బండిని తాళం తిప్పే ముందు ఒకసారి లోపల చూడటం మంచిది. వరి నూర్పుల కాలంలో, ఇసుక లారీలు తిరిగే గట్ల మీద ఎయిర్ ఫిల్టరు త్వరగా దుమ్ము పడుతుంది. అది మూసుకుపోతే బండి లాగదు, నూనె ఎక్కువ తాగుతుంది.

పొగ రంగును బట్టి జబ్బు

పొగ గొట్టం వైపు చూసినా ఇంజను సంగతి తెలుస్తుంది. నీలిపొగ వస్తే ఆయిలు మండుతున్నట్లు, అంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగినట్లు. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువో, గాలి తక్కువో అయినట్లు. చలి ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. బండి వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తుంటే కూలెంటు లోపలికి కారుతున్నట్లు అనుమానించాలి.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో దాన్ని గడువు దాటనివ్వరాదు. పైకి బాగున్నట్లే ఉండి నడుస్తుండగా తెగితే, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి.

వరదలో మునిగితే

2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి లంక గ్రామాలు మునిగాయి. అలాంటి వేళ మునిగిన కారును, నీరు తీయగానే "స్టార్టవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పడమే పెద్ద పొరపాటు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. లోపల నీరుంటే ఒక్క తిప్పుకే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజను రక్షణకు విడిగా పాలసీ కట్టకపోతే బీమా కంపెనీ ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు. బ్యాటరీ తీగ విప్పి, ఫొటోలు తీసుకుని, బీమా వారికి తెలిపి, బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చాలి. వరద రాకముందే బండిని ఏటిగట్టు మీదికో, మెరకకో చేర్చడం అన్నిటికన్నా చవక.

కొత్త కార్లలో కంప్యూటరు పెట్టి చూడాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంజను గుర్తు దీపం వెలిగితే వాటి జోలికి ఇంట్లో పోరాదు. కాని గేజీ పుల్ల తీయడానికి కంప్యూటరు అక్కరలేదు. ఏటా వరదల ముందు, జూన్ నెలలో అమలాపురం, రాజోలు, కొత్తపేట టాక్సీ స్టాండ్ల వద్ద ఒక రోజు ఉచిత తనిఖీ శిబిరం పెడితే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది. రవాణా శాఖ అధికారులు, టాక్సీ యజమానులు ఈ విషయమై ఆలోచించాలి.