పాతబస్తీలో ఒక రోజు: చార్మినార్ నుంచి మీరాలం చెరువు దాకా

ఆల్ప్స్ కొండల్లో సరస్సులనూ, వాటి ఒడ్డు పల్లెలనూ ఒక్కరోజులో చుట్టి చూపే యాత్రలకు గిరాకీ ఎక్కువ. పొద్దున బస్సెక్కితే నాలుగైదు చోట్ల దించుతారు, ఫొటోలు దిగమంటారు, చీకటి పడేలోగా తెచ్చి వదిలేస్తారు. మన హైదరాబాద్ సిటీ టూర్లదీ ఇదే తంతు. చార్మినార్ కాడ కాసేపు, మ్యూజియంలో కాసేపు, పరుగో పరుగు. ఇంటికొచ్చాక ఏం చూశారని అడిగితే పేర్లు చెబుతాం గానీ సంగతి చెప్పలేం.

గైడ్‌తో తిరిగిన రోజు దండగ కాకుండా ఉండాలంటే పొద్దున్నే ఒక ప్రశ్న ఖాయం చేసుకోవాలి, సాయంత్రం దాకా దాన్నే పట్టుకుని తిరగాలి. మొఘల్‌పురా నుంచి కాలినడకన బయల్దేరేవాళ్లకు ఒక మంచి ప్రశ్న ఉంది: ఈ కమాన్ ఏ బరువు మోస్తోంది? పాతబస్తీలో ఎటు తిరిగినా కమాన్లే కనుక జవాబు వెతకడానికి చోటుకు కరువు లేదు.

ముందు కమాన్ కథ

రాయిని నొక్కితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది. వంచితే మాత్రం విరుగుతుంది. రెండు స్తంభాల మీద పొడవాటి బండ పెట్టి పైన గోడ కడితే, ఆ బరువుకు బండ అడుగు భాగం సాగబోయి పగులుతుంది. అందుకే రాతి దూలంతో పెద్ద ద్వారం కట్టడం కష్టం. కమాన్‌లో ఏ రాయీ వంగదు. ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఆ రాయి దాని పక్క రాయిని. పైబరువు అలా చేతులు మారుతూ రెండు వైపులా కాళ్లలోకి దిగుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ కాళ్లు ఎడంగా జరిగిపోవాలని చూస్తాయి. వాటిని జరగనివ్వకుండా పట్టి ఉంచడానికే అటూ ఇటూ అంత మందం కట్టడం. ఈ రెండు ముక్కలు గుర్తుంటే చాలు, మిగతాది కళ్లే చెబుతాయి.

పొద్దుటి నడక

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ దగ్గర అందరి తలలూ మినార్ల వైపే లేస్తాయి. మీరు కాస్త కిందికి చూడండి. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, ఒక్కొక్కటీ సుమారు 11 మీటర్ల వెడల్పు. వాటి కాళ్లు కలిసే నాలుగు మూలల్లోనే మినార్లు నిలబడ్డాయి. అవి కంటికి ఇంపుగా ఉండటమే కాదు, కమాన్ కాళ్లు ఎడంగా జరగకుండా మూలల మీద బరువు వేసి అదిమి పెడుతున్నాయి.

ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే చార్ కమాన్, నడుమ గుల్జార్ హౌజ్. ఒకప్పుడు కూడలికి నడిబొడ్డున ఉన్న ఆ నీటి తొట్టి ఇవాళ ఆటోల మధ్య ఇరుక్కున్న చిన్న ఫౌంటెన్. ఇంకాస్త ముందుకెళ్తే పత్తర్‌గట్టి. అక్కడ వరసగా దుకాణాల ముందు కనిపించే రాతి కమాన్లు కుతుబ్ షాహీల నాటివి కావు. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినవి. ఒకే బజారులో మూడు వందల ఏళ్ల తేడా ఉందని వేలు పెట్టి చూపించే గైడ్ దొరికితే ఆ రోజు మీ డబ్బు గిట్టుబాటైనట్టే.

మక్కా మసీదు పని 1617లో మహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై, ఔరంగజేబు గోల్కొండను గెలిచాక 1694లో ముగిసింది. నమాజు హాలులో మూడు వైపులా అయిదేసి చొప్పున 15 కమాన్లు. నడిమి కమాన్ తోసే బలాన్ని పక్క కమాన్ ఎదురు తోసి ఆపుతుంది. వరసగా కట్టడంలో లాభం అదే. వరస చివర్న మాత్రం ఆపే పొరుగు ఉండదు కాబట్టి అక్కడ గట్టి గోడ కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, సాయంత్రం పనికొస్తుంది. అక్కణ్ణుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు కొద్దిపాటి నడక. ఖిల్వత్ దర్బారు ముందున్న నీటి కొలను పక్కన కాసేపు కూర్చుని కాళ్లు చల్లార్చుకోవచ్చు.

పడుకున్న కమాన్

మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని జూపార్కు పక్కనున్న మీరాలం చెరువుకు వెళ్లండి. టూరు బస్సులు దీన్ని పెద్దగా పట్టించుకోవు. మూడో నిజాం సికందర్ జా దగ్గర 1804 నుంచి 1808 దాకా దివాన్‌గా ఉన్న మీర్ ఆలం పేరు మీద వెలసిన చెరువు ఇది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా నగరానికి తాగునీరిచ్చింది.

చెరువు కట్ట అంటే మనకు తెలిసింది మట్టి దిబ్బ. అది తన బరువుతోనే నీటిని ఆపుతుంది, అందుకే అడుగున అంత వెడల్పు కావాలి. మీరాలం కట్ట అలాంటిది కాదు. సుమారు 40 అడుగుల ఎత్తున్న సన్నటి గోడ. అదైనా తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాలను పక్కపక్కన పేర్చినట్టు వంపులు తిరిగి ఉంటుంది. ప్రతి వంపూ నీళ్ల వైపు ఉబ్బి ఉంటుంది. రెండు వంపులు కలిసే ప్రతిచోటా వెనక నుంచి ఒక లావాటి దిమ్మె ఊతంగా నిలబడుతుంది.

పొద్దున చూసిన కమాన్‌ను నేల మీద పడుకోబెట్టి, దాని వీపు నీళ్లకు ఆనించామనుకోండి. మీరాలం కట్ట అదే. అక్కడ పైబరువు కిందికి నొక్కింది, ఇక్కడ నీళ్లు అడ్డంగా నొక్కుతున్నాయి. ఎంత నొక్కితే రాళ్లు అంతగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఆ బలం వంపు వెంట పాకి దిమ్మెల్లోకి దిగుతుంది. ఒక వంపు దిమ్మెను కుడికి తోస్తే పక్క వంపు ఎడమకు తోస్తుంది, రెండూ చెల్లుకు చెల్లు. మక్కా మసీదు వరసలో చూసిందే. ఇక వెనక్కి తోసే బలం ఒక్కటే మిగులుతుంది, దాన్ని దిమ్మె కాచుకుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. చెరువు ఎంత పెద్దదైతే కట్ట మీద ఒత్తిడి అంత ఎక్కువని అనుకుంటాం. నిజానికి ఒత్తిడి నీటి లోతును బట్టే ఉంటుంది, చెరువు విస్తీర్ణంతో దానికి పని లేదు. 12 మీటర్ల లోతున చదరపు మీటరుకు సుమారు 12 టన్నుల ఒత్తిడి. నీరు వెనక అర మైలు పరుచుకున్నా, పది మైళ్లు పరుచుకున్నా లెక్క అదే.

ఇలా చాలా వంపులతో ఆనకట్టలు కట్టే పద్ధతిని కాంక్రీటులో అమెరికా ఇంజినీరు జాన్ ఈస్ట్‌వుడ్ కాలిఫోర్నియాలోని హ్యూమ్ లేక్ దగ్గర 1908లో చేపట్టాడు. అప్పటికి మీరాలం కట్ట వయసు వందేళ్లు.

ఆల్ప్స్ సరస్సుల్లో ఎక్కువ భాగం మంచునదులు తవ్వి పోయిన గుంతలు. దక్కన్ పీఠభూమికి ఆ భాగ్యం లేదు. పాఖాల నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఇక్కడి చెరువులన్నీ వాగులకు అడ్డుకట్ట వేసి మనుషులు చేసుకున్నవే. అక్కడి గైడ్ కొండను చూపితే సరిపోతుంది, ఇక్కడి గైడ్ కట్టను చూపాలి.

వెళ్లేముందు

శుక్రవారం చౌమహల్లాకు సెలవు, మసీదులోనూ జుమ్మా నమాజు రద్దీ. సోమవారం జూ మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. వానలు వెలిసిన అక్టోబరు తర్వాతైతే చెరువులో నీళ్లుంటాయి, ఎండా తగ్గుతుంది. గైడ్ గుర్తింపు కార్డు చూడండి, రుసుము ముందే మాట్లాడుకోండి, ఏ భాషలో చెప్పాలో కూడా. మీరాలం కట్ట వంపులు ఎక్కడి నుంచి బాగా కనిపిస్తాయో బయల్దేరేముందే అడగండి. తెలియదన్నాడంటే ఇంకో గైడ్‌ను చూసుకోండి.

ఈ చెరువులోకి మురుగు చేరుతోంది, గుర్రపుడెక్క అల్లుకుంటోంది. పనికిమాలిన నీటిగుంట అనుకున్నంత కాలం దాన్ని కాపాడమని గట్టిగా అడిగేవాళ్లుండరు. కాబట్టి ఈసారి ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్‌తో సరిపెట్టకండి. మీరాలం కట్ట కూడా చూపించండి, అది ఎలా నిలబడిందో మీరే చెప్పండి.