మీకు తెలుసా? చలి పొద్దున కనిపించేదంతా మంచు కాదు!

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో కమ్ముకునే తెల్లటి పొరలో పొగ పాలూ ఉంటుంది. చలి రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండిపోతుంది. దాంతో విజయవాడ హైవే లారీల పొగ, రోడ్డు దుమ్ము, చెత్త కాల్చిన పొగ మూత పెట్టినట్టు కిందే ఆగిపోతాయి. అందులోని పీఎం 2.5 అనే సన్నటి కణాలు వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కు వడపోతకు చిక్కవు. ఈ కణాలను 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా మన ప్రమాణం ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15 మాత్రమే! మన లెక్క మరీ ఉదారం. పైగా చల్లని పొడిగాలికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఆస్తమా ఉన్నవారు నడక ఎండెక్కాక పెట్టుకోండి, ఇన్‌హేలర్ మరవకండి.